చేతికి తొడగని గాజులు

నాకు మూడుసార్లు కడుపు నిలవలేదు. మూడోది అయిదో నెలలో పోయింది. నాలాంటి ఆడవాళ్ళకు మనసు కుదుటపడేందుకు నాయుడుపేట ఆసుపత్రిలో శిక్షణ ఇస్తున్నారని మా ఊరికొచ్చే నర్సమ్మ చెప్పింది. ఇంట్లోనుంచి ఒకరిని తోడు తెచ్చుకోవాలన్నారు. మా అక్కను తీసుకుపోయాను. అన్నదమ్ములిద్దరినీ చేసుకొని, పులికాట్ సరస్సు ఒడ్డున ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళం మేం.

అక్కడ ఒక మేడం చాపల మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకొని ఊపిరిని గమనించమనేది. మొదటి వారం నవ్వొచ్చింది. ఊపిరేమన్నా వలకు కట్టిన బెండా, కదిలిందా లేదా అని చూస్తూ కూర్చోవడానికి? మూడో వారం ఏడుపొచ్చింది.

"మనసులోకి ఏదొస్తే అది చెప్పండమ్మా. మంచిదా, చెడ్డదా అని చూడొద్దు. ఇక్కడి మాట ఈ గడప దాటదు" అంది మేడం.

ఆ ధైర్యంతోనే నోరు విప్పాను. అక్క కూతురికి అప్పుడు ఏడో నెల. నా చంకలో పెరిగిన పిల్ల.

"దాని కడుపు చూస్తే గుండెలో మంటొస్తాది మేడం. ఆ ఎనకాల్నే నా మీద నాకు సిగ్గేస్తాది."

అక్క నా వీపు నిమిరింది. బస్టాండులో టీ తాగించి, "లోపల ఉండేది కక్కేసినావు, మంచిదయిందిమే" అంది.

"ముందు గాజులు నువ్వే తొడగాల పిన్నమ్మా" అని ఆ పిల్ల నా దగ్గర ఎప్పుడో మాట తీసుకుంది. ఏరి ఏరి డజను పచ్చగాజులు కొన్నాను. సీమంతం రోజు వాటిని పళ్ళెంలో పెట్టుకొని వస్తుంటే, అక్క వంటింటి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నువ్వు తొడగొద్దులేమే. ఈడ్నే ఉండు."

"ఎందుకక్కా?"

"నీ నోటితో నువ్వే చెప్పినావు గదా, దాని కడుపు చూస్తే మంటొస్తాదని. దిష్టంటే ఇంకేంది?"

మంట గుర్తుంది ఆమెకు. సిగ్గు గుర్తులేదు. ముందుగదిలోని ఆడవాళ్ళు నన్ను చూసి తలలు తిప్పుకున్నారు. ఆ మాట నాకంటే ముందే వాళ్ళకు చేరిపోయిందని అప్పుడు అర్థమైంది.

"పిన్నమ్మ యాడమా?" అని పిల్ల కేకేసింది.

"తలకాయ నొప్పంట, పడుకోనుంది" అంది అక్క, నా కళ్ళలోకి చూస్తూనే.

నేను కలిపిన పులిహోరకు మాత్రం దిష్టి లేదు. అందరూ మారు వడ్డించుకొని తిన్నారు. అవతల గాజుల చప్పుడవుతుంటే, నేను పొయ్యి దగ్గరే నిలబడి ఊపిరిని గమనించబోయాను. చివరికి పళ్ళెంలోని పచ్చగాజులే లెక్కపెట్టాను.

తోడు లేకుండా రానివ్వరు కాబట్టి, తర్వాతి వారం మళ్ళీ ఇద్దరం ఒకే చాప మీద కూర్చున్నాం.

"ఈ వారం మనసులోకి ఏమొచ్చిందమ్మా?" అని మేడం అడిగింది.

"ఏమీ రాలేదు మేడం."

కళ్ళు మూసుకోమంది. అక్క మూసుకుంది. మెల్లగా, హాయిగా ఊపిరి తీసుకుంటోంది.

నేను మూసుకోలేదు.