సొట్టవి ఒకవైపు

మణికొండలో మేముండే అపార్ట్‌మెంటు కింద అంతస్తులో పసిపిల్లల బడి ఉంది. పొద్దున నేను టీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో కూర్చునే వేళకు అక్కడి టీచరు రంగురంగుల ప్లాస్టిక్ బిళ్ళల డబ్బాను నేల మీద బోర్లిస్తుంది. ఎర్రవి ఇటు, పచ్చవి అటు అని పిల్లల చేత వేరు చేయిస్తుంది. ఆ గలగల వినపడగానే నా చెవుల్లో షాబాద్ బండలు పరిచిన నేల మీద పాలగ్లాసులు దొర్లుతాయి. ఆ వెనకే కమలమ్మ టీచరు గొంతు, "కలిపెయ్యండర్రా, ఇంకో తీరుగా చూద్దాం" అంటుంది.

డెబ్బైల మొదట్లో ఈ చుట్టుపక్కలంతా బండలూ, వాటి నడుమ చిన్న చిన్న ఊళ్ళూను. మా ఊళ్ళో పటేలు గారి దాలాన్‌లో, అంటే ఇంటి ముందరి వసారాలో, బాలవాడి నడిచేది. ఒకటో తరగతికి ముందు పిల్లలు అక్కడ ఆడుకోవాలి, పాడుకోవాలి, పాలపొడి కలిపిన పాలు తాగాలి. నేర్పడానికి వచ్చిన కమలమ్మ గారిది తెనాలి వైపు. భర్తకు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆవిడ భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డసంచి వేలాడేది. అందులో చింతగింజలు, కోడి ఈకలు, విరిగిన గాజుముక్కలు, తెగిన గుండీలు. మా అమ్మలు ఊడ్చి పారేసేవన్నీ ఆవిడకు పలకా బలపమూ.

సంచి గుమ్మరించి వేరు చేయమనేవారు. ఎలా చేసినా తప్పనే మాట ఆవిడ నోట రాదు. "ఏ తీరున పెట్టావో చెప్పు" అని మాత్రం అడిగేవారు. ఒకసారి నా ముందు రకరకాల రాళ్ళు పోశారు. నేను రెండు కుప్పలు పెట్టాను. పెద్దవీ చిన్నవీ కలిసే ఉన్నాయి, నల్లవీ తెల్లవీ కలిసే ఉన్నాయి. ఆవిడకు అంతుపట్టలేదు.

"ఇవి చెయ్యి కోసేటివి, ఇవి కొయ్యనియి" అన్నాను.

మా అమ్మ బండల దగ్గర కంకర కొట్టేది. ఆమె చేతులు రోజూ చూసేదాన్ని కనుక రాళ్ళలో నాకు తెలిసిన తేడా అదొక్కటే. ఆవిడ నా చెయ్యి తిప్పి చూసి, "నాకు ఈ తీరు తట్టనే లేదమ్మా" అన్నారు. ఒక పెద్దామెకు తెలియనిది నాకు తెలుసని నేను విన్న మొదటి మాట అది. ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళానో, ఎగిరి వెళ్ళానో చెప్పలేను.

మా వాడ ఊరికి ఎడంగా ఉండేది. నేను దాలాన్‌లోకి రావచ్చు, చివర కూర్చోవచ్చు. నా గ్లాసు మాత్రం బయట అరుగు మీదే ఉండాలి. పాలు పోసే ఆయా పైనుంచి పోసేది. టీచరు ఎన్నిసార్లు లోపల పెట్టినా అది మర్నాటికి మళ్ళీ అరుగెక్కేది. మా అమ్మ కూడా, "బయట వెట్టినా పాలు తెల్లగనే ఉంటయి బిడ్డా, తాగిరా" అనేది.

ఒకనాడు ఆవిడ పిల్లల గ్లాసులన్నీ పోగేసి మధ్యలో బోర్లించి వేరు చేయమన్నారు. స్టీలువి ఒకవైపు, ఇత్తడివి ఒకవైపు పెడతామని ఆవిడ అనుకున్నట్టున్నారు. పటేలు మనవడు యాదగిరి ముందుకొచ్చాడు. వాడూ నా ఈడువాడే. ఎక్కడా తడుముకోకుండా ఏ వాడ గ్లాసులు ఆ వాడకు విడివిడిగా పేర్చేశాడు. చివరికి నాది మిగిలింది. చీపురుపుల్ల తెచ్చి దానితో నెట్టుకుంటూ గడప దాకా తీసుకుపోయాడు. అందులో ద్వేషమేమీ లేదు. పాఠం అప్పజెప్పినంత శ్రద్ధగా చేశాడు. నేను కూడా సరిగ్గానే పెట్టాడనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే ఎక్కువగా బాధపెట్టేది ఆ సంగతే.

టీచరు గడప దగ్గరి నుంచి నా గ్లాసు తానే తెచ్చి అన్నింటినీ కలిపేశారు. "ఇప్పుడు సొట్టవి ఒకవైపు, సొట్ట లేనివి ఒకవైపు" అన్నారు. తానే ఒక్కొక్కటీ మా కళ్ళ ముందు తిప్పి చూపించారు. నా సత్తుగ్లాసు సొట్టల వైపు వెళ్ళింది. దాని పక్కనే యాదగిరిది.

"నాది ఇత్తడిది టీచర్" అన్నాడు వాడు, ఏడుపు గొంతుతో.

"ఇత్తడికైనా సొట్ట పడుతుంది కదరా నాన్నా."

వాడు ఏడుస్తూ లోపలికి పరుగెత్తాడు. వెంటనే పటేలు బయటికి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, జబ్బు చేస్తే మా వాడకు బండి కట్టించిన మనిషే.

"ఏంది టీచరమ్మా, అందరి గ్లాసులు ఒక్కతాన కలుపుతవా?"

"విడదీయడం నేర్పాలంటే ముందు కలపాలి కదండి."

"విడదీసుడు మా పోరగాండ్లకు పుట్టంగనే అస్తది. నువ్వు నేర్పనక్కర లేదు."

"అదొక్క తీరే వచ్చండి వాళ్ళకి. మిగతావి నేర్పుతున్నాను."

ఆయన కోపంగా చూడలేదు. "గా పిల్ల గ్లాసు బయటుండాలె. లేదంటే బడి ఇంకోతాన చూస్కో" అని లోపలికి వెళ్ళిపోయాడు. టీచరు సంచి సర్దుకున్నారు. నేను ఇంటికి పోయి గ్లాసు మూల పడేశాను. బడి లేకపోతే మర్నాటి నుంచి అమ్మతో పాటు కంకర కుప్ప దగ్గర కూర్చోవడమే. మా వాడలో నా ఈడు పిల్లలంతా అక్కడే ఉన్నారు.

సాయంత్రం టీచరు మా ఇంటికి వచ్చారు. గ్లాసు బయట పెట్టడానికి ఒప్పుకోలేననీ, వేరే చోటు దొరకలేదనీ చెబుతూ కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ అంతా విని, "మా బండ కాడికి రా టీచరమ్మ. గాడ ఎవల దాలాన్ లేదు" అంది. తెల్లారేసరికి పెద్దబండ నీడలో కంకరంతా ఏరి, నేల చిమ్మి, నీళ్ళు చల్లి పెట్టింది. గ్లాసు బయటున్నా తాగిరమ్మన్న మనిషే.

కొన్నాళ్ళు మా వాడ పిల్లలమే ఉన్నాం. పిల్లలు తగ్గితే బాలవాడి ఎత్తేస్తారన్నారు. టీచరు మాత్రం సంచి గుమ్మరిస్తూనే ఉన్నారు. ఒక పొద్దున బండ మలుపు దగ్గర యాదగిరి కనిపించాడు. ఇంట్లో చెప్పకుండా వచ్చాడని మొహమే చెబుతోంది. చేతిలో ఇత్తడి గ్లాసు. పిలవమన్నట్టు టీచరు వైపు చూశాను. ఆవిడ పిలవలేదు. వాడు వరసగా పెట్టిన గ్లాసులన్నీ చూసుకుంటూ వచ్చి, నా గ్లాసు పక్కన వంగాడు.

"సొట్టవి గీడనే గదా" అని తనది ఆనించి పెట్టాడు.

పటేలు వెతుక్కుంటూ వచ్చి, దూరంగా నిలబడి చూసి, ఒక్కడే తిరిగి వెళ్ళాడు. ఊరి పిల్లలూ ఒక్కొక్కరే రావడంతో బాలవాడి బండ దగ్గరే నిలబడింది. నేను అక్కణ్ణుంచి బడికి పోయాను, చివరికి ప్రభుత్వ బడిలో టీచరునయ్యాను. కమలమ్మ గారు భర్తకు బదిలీ అయి వెళ్ళిపోయారు. మళ్ళీ చూడలేదు. ఆ బండా ఇప్పుడు లేదు.

మొన్న కింది బడి టీచరమ్మాయి నన్ను ఆపింది. మా మనవరాలు అక్కడే చదువుతోంది. "పాప అన్నీ కరెక్ట్‌గా వేరు చేస్తుందండి. కానీ చప్పట్లు కొట్టేలోపే మళ్ళీ మొత్తం కలిపేస్తుంది. ఎవరు నేర్పారంటే అమ్మమ్మ అంటోంది" అని నవ్వింది.

నేను కాదమ్మా, మా టీచరు నేర్పారు అన్నాను.