మీ తలల మీది నలుపు ఎవరి చేతిది?

మీరు పిరికివాళ్ళు. కోపమొచ్చి పేజీ తిప్పేసే ముందు ఒక్కసారి అద్దం దగ్గరికి వెళ్ళి చూసుకోండి. మీ తల మీద, కొందరికి మీసం మీద కూడా, ఆ నలుపుందే, అది మీ అమ్మా నాన్నా ఇచ్చింది కాదని మీకు తెలుసు, నాకూ తెలుసు. దాన్ని దిద్దిన మనిషి పోయిన గురువారం తెల్లవారుజామున గుండె ఆగి పోయాడు. గవర్నరుపేట సందులో మన సెలూన్ పెద్దాయన. కృష్ణ ఒడ్డుకి తీసుకెళ్తుంటే వెనక నడిచినవాళ్ళం పట్టుమని ఇరవై మందిమి లేం. అందులోనూ సగం ఆయన చుట్టాలే.

మీరెందుకు రాలేదో చెప్పనా? వస్తే పక్కన నడిచేవాడు అడుగుతాడు, “తమరికి ఈయనతో పరిచయం ఎలాగండీ?” అని. జవాబు మీ నెత్తిన ఉంది. అందుకని ఇంట్లో కూర్చున్నారు.

ఇంకా తిట్టాలనే ఉంది. కానీ ఆయన గురించి చెప్పడం మొదలుపెడితే నాకు కోపం నిలవదు, నవ్వొచ్చేస్తుంది. ఎనిమిదేళ్ళ పరిచయంలో ఆ మనిషి నన్ను ఏడిపించింది ఈ ఒక్క గురువారమే.

ఆ పరిచయం మొదలయ్యేనాటికి నాకు నలభై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. కాలేజీలో పాఠాలు, సాయంత్రాలు మీటింగులు, మిగిలిన వేళ ఈ పత్రిక. తెల్లజుట్టు అనుభవానికి గుర్తని, దాన్ని దాచుకోవడం బానిసత్వమని ఇదే పత్రికలో రాశాను. రాసింది అబద్ధం. అద్దంలో చూసుకుంటే నాకు నచ్చలేదు, అంతే. ఒక ఆదివారం తలుపులేసుకుని బజారు పొడి కలిపి తలంతా పూసేసుకున్నాను. తెల్లారి కాలేజీకి వెళ్తే ఆడపిల్లలు నోటికి పుస్తకాలు అడ్డం పెట్టుకున్నారు. స్టాఫ్ రూములో ఒకావిడ నా మేలు కోరి అడిగింది, “సంబంధం ఏమైనా కుదిరిందా?” అని.

ఆ సాయంత్రమే పత్రిక కాపీ ఇవ్వడానికి సెలూన్ గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన నెలనెలా కొనేవాడు, అట్ట నుంచి అట్ట దాకా చదివేవాడు. కాపీ అందుకుని, నా తలకేసి చూసి, కత్తి పక్కన పెట్టాడు.

“మేడం గారూ, ఒక్క మాటండీ. ఏమీ అనుకోరు గదా?”

“చెప్పండి.”

“ఈ తారు ఎవరు పోశారండీ?”

సబ్బు నురగతో కుర్చీలో ఉన్నాయన ఫక్కుమన్నాడు. నేను పోట్లాటకి నోరు తెరిచేలోపల పెద్దాయన గోడ మీది చిన్న అద్దం తీసి పక్కనుంచి చూపించాడు. ఎడమ చెవి పైభాగం నల్లగా నిగనిగలాడుతోంది. “చెవి కూడా రోడ్డులో కలిసిపోయిందండీ,” అన్నాడు, సానుభూతిగా. “మంగళవారం రండి, బాగుచేద్దాం.”

“మంగళవారం మీకు సెలవు గదా?”

“సెలవు కత్తికండీ. కత్తి పట్టకూడదన్నారు, కత్తెర పట్టకూడదన్నారు. కుంచె పట్టకూడదని మా తాతలెవరూ చెప్పలేదు. అప్పటికి కుంచె లేదుగా!”

ఊళ్ళో సెలూన్లన్నీ మూసుండే మంగళవారం నాడు ఆయన ఒక తలుపు తెరిచి ఆడవాళ్ళకి రంగు వేసేవాడని నాకు అప్పుడే తెలిసింది. ఆచారాన్ని ఎదిరించి ఉపన్యాసాలిచ్చేదాన్ని నేను. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. ఆచారంలో ఖాళీ ఎక్కడుందో చూసి అక్కడ కుర్చీ వేశాడు.

వయసులో ఉండగా ఆయన గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు గీసేవాళ్ళ దగ్గర కొన్నాళ్ళు రంగులు కలిపాడు. కుంచె పిచ్చి అక్కడ అంటుకుంది. “హీరోయిన్ జుట్టంతా ఒకటే నలుపు కొడితే బొమ్మ చచ్చిపోతుందండీ,” అనేవాడు. “నలుపులో కాస్త గోధుమరంగు, నీడలో కాస్త నీలం, వెలుతురు పడేచోట ఏమీ వెయ్యకూడదు. దేవుడు కూడా జుట్టుకి ఒకటే డబ్బా వాడలేదు.” గోరింటాకు, నీలి ఆకు, కరక్కాయ, టీ డికాక్షను ఇనప మూకుట్లో నానబెట్టేవాడు. మనిషిని ఎండ వెలుతురులో కూర్చోబెట్టి, కారితే మండకుండా కళ్ళ మీద తడిగుడ్డ వేసి, సన్నటి కుంచెతో పాయ తరవాత పాయ దిద్దేవాడు. వేసిన పాయ కంటే వదిలేసిన పాయ గురించి ఎక్కువ ఆలోచించేవాడు.

మొదటి మంగళవారం ఆ తారు వదిలేదాకా తల రుద్దించి, నన్ను కూర్చోబెట్టి బేరం పెట్టాడు.

“రెండు దార్లున్నాయండీ. ఒక్కరోజులో అంతా నలుపు చేసెయ్యొచ్చు. లేదా ఈ నెల మెడ దగ్గర, వచ్చే నెల చెవుల వెనక, ఆపైన నడినెత్తి. కణతల దగ్గర తెలుపు చివరిదాకా ముట్టను. ఆరు నెలలకి అయిపోతుంది. ఏ రోజు మారారో మీ అమ్మగారు కూడా చెప్పలేరు.”

“ఇది సంస్కరణవాదం. నాకు నమ్మకం లేదు,” అన్నాను. “మారిస్తే ఒక్క దెబ్బతో మార్చాలి.”

“ఆ ఒక్క దెబ్బే గదండీ మొన్న చెవి మీద పడింది?”

“అది నా చేతకానితనం. సిద్ధాంతానిది కాదు.”

“సరేనండీ, సిద్ధాంతం మంచిదే. కానీ ఒక్క దెబ్బతో వేసింది పదిహేను రోజులకి మొదళ్ళలో తెల్లగా బయటపడుతుంది. అప్పుడు మళ్ళీ దెబ్బ. మళ్ళీ తెలుపు. జీవితమంతా దెబ్బలేనా? మెల్లగా వేసిందైతే పెరిగినా గీత కనపడదు.”

ఆరునెలలు వాదించుకున్నాం. నా జుట్టు మీద ఆయన గెలిచాడు. మిగతా విషయాల్లో నేను గెలిచానని నేను రాసుకున్నాను, ఆయన ఒప్పుకోలేదు. ఆరో నెలలో అద్దం చేతికిచ్చి, “నవ్వండి,” అన్నాడు. నవ్వొచ్చింది. “అదేనండీ నా పని. తెల్లజుట్టు తప్పూ కాదు, నల్లజుట్టు గొప్పా కాదు. అద్దం ముందు మనిషి నవ్వాలి.”

ఆయన మాట విననివాళ్ళ కథలు చెప్పి తెగ నవ్వించేవాడు. హనుమాన్ జంక్షన్ నుంచి ఒక రైస్ మిల్లు ఆసామి కూతురి పెళ్ళికి మూడ్రోజుల ముందు దిగాడట. మెల్లగా వేద్దామంటే, “పెళ్ళి ఆదివారం, నీ నెమ్మది ఎవడిక్కావాలయ్యా, కొట్టెయ్ నలుపు!” అన్నాడట. కొట్టాడు. విడిదిలో వియ్యంకుడు ఎదురొచ్చి ఆసామి భుజం మీద చెయ్యేసి, “బాబూ, మీ నాన్నగారెక్కడ? మంచినీళ్ళు రాలేదని చెప్పాలి,” అన్నాడట. ఆసామి మండిపడుతూ వచ్చాడు. “మళ్ళీ తెలుపు చెయ్యవయ్యా!” పెద్దాయన ఈ కథ చెప్పిన ప్రతిసారీ వియ్యంకుడి గొంతు మారేది గానీ మంచినీళ్ళు మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఇక నా పిరికితనం కూడా చెప్పాలి. మిమ్మల్ని అన్నదాన్ని నన్ను వదిలేస్తే న్యాయం కాదు. మంగళవారాలు నేను కుర్చీని తలుపు చాటుకి లాక్కునేదాన్ని. వెలుతురు చాలదని ఆయన గొణిగేవాడు. కొల్లేటి నుంచి చేపలు తెచ్చి అమ్మే ఒకావిడ కూడా మంగళవారమే వచ్చేది. ఆవిడ కుర్చీ సగం సందులోనే ఉండేది. తలకి పచ్చటి ముద్దతో వచ్చేపోయేవాళ్ళని పలకరించేది. ఒకరోజు నన్ను చూసి అంది:

“ఏంటమ్మా, మైకు పట్టుకుంటే ఊరంతా వినపడతావంట, ఇక్కడ తలుపు వెనక నక్కావేంటి? నీ తలా, ఆళ్ళ తలా?”

పెద్దాయన నన్ను లేవమన్నట్టు చెయ్యూపాడు. కుర్చీని సందులోకి రెండడుగులు జరిపి నాకేసి చూశాడు. వెళ్ళి కూర్చున్నాను. మా ప్రిన్సిపాల్ సైకిల్ మీద పోతూ చూశాడు. ఏమీ కాలేదు. ఆకాశం అక్కడే ఉంది. మర్నాడు ఆయనే నన్ను పక్కకి పిలిచి గుసగుసగా సెలూన్ అడ్రసు అడిగాడు.

ఇప్పుడు అసలు సంగతి. మగమహారాజులు కాస్త గట్టిగా కుర్చీ పట్టుకోండి.

మూడేళ్ళ కిందట పెద్దాయన చెయ్యి వణకడం మొదలైంది. కత్తెరకి ఫరవాలేదు, కుంచెకి పనికిరాదు. ఆయన కూతురుంది, ముప్పై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి పక్కన నిలబడి రంగు కలిపి, పాయలు విడదీసి, పని మొత్తం నేర్చుకుంది. ఆడవాళ్ళకి ఆమె బాహాటంగానే వేసేది. మగవాళ్ళొచ్చిన రోజున కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళ మీద తడిగుడ్డ వెయ్యడం వరకు పెద్దాయన. ఆ తరవాత ఆమె గాజులు తీసి బల్ల మీద పెట్టి, చప్పుడు లేకుండా వచ్చి కుంచె పట్టేది. పెద్దాయన పక్కన నిలబడి మీ భుజం మీద చెయ్యేసి కాలవ నీళ్ళ గురించీ, కొత్త సినిమా గురించీ కబుర్లు చెప్పేవాడు. ఆఖర్న ఆమె లోపలికి పోయేది, గుడ్డ తీసేది ఆయన. మూడేళ్ళుగా మీ తలల మీద పనిచేసింది ఆమె చెయ్యి.

ఇందులో మోసం ఉందంటారా? ఉంది. చెప్పి ఉంటే మీరు వచ్చేవాళ్ళా? అది చెప్పండి ముందు.

సెలూన్‌కి కొట్టు అద్దెకిచ్చిన యజమాని కూడా ఆ కుర్చీలో కూర్చునేవాడు. నేను పత్రిక ఇవ్వడానికి వెళ్ళిన ఒకరోజు, గుడ్డ కింద నుంచే అన్నాడు, “పెద్దాయనా, ఈమధ్య నీ చెయ్యి భలే మెత్తబడిందయ్యా.” “వయసు గదండీ,” అన్నాడు పెద్దాయన. కూతురు కుంచె నాకిచ్చి పెరట్లోకి పరిగెత్తి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది. నేను కుంచె పట్టుకుని గుమ్మంలో బొమ్మలా నిలబడిపోయాను. పెద్దాయన నాకేసి చూస్తే ఎక్కడ పగలబడి నవ్వుతాడో అని గోడ కేసి తిరిగాడు.

పెద్దాయన పోయిన మూడోరోజున ఆ యజమానే వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. 

“చూడమ్మా, మీ నాన్న ఉన్నన్నాళ్ళూ సరే. ఆడదాని చేతికింద ఏ మగాడు తల పెడతాడు? కొట్టు నడవదు. నెలాఖరుకి ఖాళీ చేసెయ్.”

ఆమె ఏడ్చి ఏడ్చి ఉంది. అయినా తలెత్తి ఆయన తలని పరీక్షగా చూసింది, వాళ్ళ నాన్న చూసినట్టే.

“బాబాయి గారూ, కుడి చెవి పక్కన మొదళ్ళు తేలుతున్నాయండీ. ఎల్లుండి ఒకసారి వస్తారా?”

ఆయన చెయ్యి చెవి మీదికి పోయింది. “నీకెలా తెలుసు?”

“మూడేళ్ళుగా మీకు వేస్తున్నది నేనే గదండీ.”

ఆయన చెప్పులేసుకున్నాడు. సందు చివరిదాకా కుడిచెవి పట్టుకునే నడిచాడు. కానీ ఖాళీ చెయ్యమన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. కొట్టు పోతే ఆమెకి ఆ పని పోతుంది. బెజవాడలో ఇంకే సెలూన్ ఆమెని గుమ్మం ఎక్కనిస్తుంది?

“ఇదంతా పత్రికలో రాయనా?” అని అడిగాను.

“రాయండి మేడం గారూ. పేర్లు మాత్రం వద్దు. ఎవరి తల సంగతి వాళ్ళకి తెలుసు.”

పెద్దాయనతో నా చివరి వాదన ఇది. జవాబు చెప్పడానికి ఆయన లేడు, అది అన్యాయమే. మీరు జుట్టుకి నేర్పిన నెమ్మది మంచిదండీ, నేను ఒప్పుకున్నాను. కానీ ఆ పనితనమే మీ కొంప ముంచింది. ఎవరికీ తెలియకుండా మార్చారు గనక, మారినవాళ్ళంతా మీరెవరో తెలియనట్టు ఉండిపోయారు. మీ కూతురి కొట్టుకి ఆరు నెలల టైము లేదు. నెలాఖరు దాకానే ఉంది. ఈ ఒక్క పని ఒక్క దెబ్బతో జరగాలి.

అందుకని పాఠకులారా, అడుగుతున్నాను:

ఒకటి. ఈ వారంలోనే సెలూన్‌కి వెళ్ళండి. పట్టపగలు, వీధి గుమ్మంలోంచి.

రెండు. కుర్చీలో కూర్చునే ముందు ఆమె ముఖం చూసి, “నువ్వే వెయ్యమ్మా,” అని నోటితో చెప్పండి.

మూడు. ఆయన కులం పేరుని తిట్టుగా వాడటం మానండి. మీ ఇంట్లో పిల్లల చేత కూడా మాన్పించండి.

నాలుగు. కొట్టు యజమాని గారూ, అద్దె కాగితం ఆమె పేర రాయండి. 

అయిదు. మంగళవారం ఆడవాళ్ళదిగానే ఉండనివ్వండి.

ఆరు. జుట్టు బాగుందని ఎవరైనా అంటే, రంగు వేయించుకున్నానని చెప్పండి. ఎవరి చేత వేయించుకున్నారో కూడా చెప్పండి.