లాంతరు పిల్ల లంగాకి రెండు టక్కులు

2009 వసంతం. మిషిగన్‌లో ట్రాయ్. మా ఇంటి బేస్‌మెంటులో రెండు కుట్టు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, నిలువెత్తు అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక పాత సోఫా. అదే నా దుకాణం. బోర్డూ లేదు, పేరూ లేదు. "బ్లౌజులు కుట్టే తెనాలి ఆవిడ" అంటే చుట్టుపక్కల తెలుగువాళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఆది జాకెట్టు పట్టుకొచ్చి, "అచ్చం ఇలాగే, కానీ చంకల దగ్గర కొంచెం వదులు" అనడం, నేను సరేననడం, శనివారానికి ఇవ్వడం. ఇన్నేళ్ళుగా ఇదే బతుకు. నాకేం విసుగు లేదు. కానీ నా దగ్గరికి ఆది జాకెట్టుకి బదులు లాప్‌టాప్ పట్టుకొచ్చిన మొదటి కస్టమరు సింధు.

సింధుకి అప్పుడు పదహారేళ్ళు. హైస్కూల్ జూనియర్, అంటే పదకొండో తరగతి. వాళ్ళమ్మ రమకి బ్లౌజులన్నీ నేనే కుడతాను. రమది వరంగల్. మాట గట్టిగా ఉంటుంది, మనసు మెత్తన. పిల్ల ఇక్కడే పుట్టింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది గానీ ప్రతి మాటా నోట్లో చూయింగ్ గమ్ ఉన్నట్టు సాగుతుంది.

"ఆంటీ, ఇది మీరు కుట్టగలుగుతారా? ప్లీజ్?" అని లాప్‌టాప్ నా వైపు తిప్పింది.

పెద్ద పెద్ద కళ్ళ బొమ్మ పిల్ల. చేతిలో లాంతరు. నారింజ రంగు పొట్టి గౌను, నడుముకి రెండు వైపులా రెండు బో ముడులు. ఇది జపాన్ టీవీ సీరియల్ అట. మామూలు స్కూలు పిల్ల లాంతరు పైకెత్తి ఒక మాట అంటుంది. అంతే, గిర్రున తిరిగి, వెలుగులో మునిగి, ఈ గౌనులో తేలుతుంది. తర్వాత దుర్మార్గుల పని పడుతుంది. ఇలాంటి కథల్ని "మ్యాజికల్ గర్ల్" అంటారట.

"మన సినిమాల్లో అమ్మోరు పూనినట్టా?" అన్నాను.

"సార్ట్ ఆఫ్, ఆంటీ. బట్ షి ఈజ్ నైస్."

అమ్మోరు మాత్రం నైస్ కాదా అందామనుకుని ఊరుకున్నాను.

సంగతేమిటంటే, మే నెలలో ఒక హోటల్లో ఈ బొమ్మల కథల అభిమానులంతా చేరి వేడుక చేసుకుంటారు. అక్కడ కాస్‌ప్లే పోటీ. కాస్‌ప్లే అంటే ఆ పాత్రల వేషం కట్టడం. రెఫరెన్స్ అని ఒక బొమ్మ ఇవ్వాలి, జడ్జీలు ఆ బొమ్మనీ మన బట్టల్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. సింధూ, దాని స్నేహితురాలు కేలా కలిసి చిన్న నాటకం వేస్తారు. కేలా నీడల రాణి, సింధు లాంతరు పిల్ల. ఆరో తరగతి నుంచి ఇద్దరూ కేలా వాళ్ళ గరాజ్‌లో ఇదే ఆట. కేలా వాళ్ళ నాన్న ఉద్యోగం పోయింది. జూన్‌లో టెక్సస్ వెళ్ళిపోతున్నారు.

"ఇదే మా లాస్ట్ చాన్స్ ఆంటీ. నేను లేకపోతే కేలాకి స్కిట్ లేదు," అంది. ఆ పిల్ల కళ్ళు కూడా బొమ్మ పిల్ల కళ్ళంత అయ్యాయి. ఇంకేమంటాం? టేపు తీశాను.

పిల్ల వెళ్ళిన మర్నాడు రమ ఫోను.

"అక్కా, నీకు దండం పెడత. ఆ గౌను జర కిందికి కుట్టు. పాదాల దాక. పిల్లకు చెప్పకు. పోటీ నాడు తొడుక్కునేటప్పుడు చూస్కుంటది, అప్పుడు ఏం జేస్తది?"

"ఏం చేస్తుంది, వెళ్ళదు," అన్నాను.

"పోకుంటె పాయె! పదహారేండ్ల పిల్ల, గింత పొట్టి గౌనేస్కొని అంతమంది ముంగట గిరగిర తిరుగుతదా? ఎవరన్న ఫొటో దీసి ఇంటర్నెట్ల పెడితే?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారే, అలా అయింది నా పని. డ్రెస్సు వేసుకునేది ఒకరు, కుట్టించేది ఒకరు. మా పనిలో ఇది రోజూ ఉండే గొడవే. పెళ్ళికూతురు వీపు మీద కిటికీ పెట్టమంటుంది, వాళ్ళమ్మ వెనకాలే ఫోను చేసి మూసెయ్యమంటుంది. మామూలుగా ఏదో సర్దేస్తాను. కానీ ఇది సర్దే వ్యవహారం కాదు. పొడవు కుడితే ఒక పిల్ల మనసు విరుగుతుంది, రెండో పిల్ల ఒంటరిదవుతుంది. పొట్టి కుడితే తల్లి పంపదు.

"రమా, శనివారం పిల్లని తీసుకుని నువ్వే రా. ఏం చెప్పాలో దాని ముందే చెప్పు," అని ఫోను పెట్టేశాను. చేజారిపోతుందేమోనని భయం మాత్రం ఉంది. అసలే మంచి కస్టమరు.

వచ్చారు. సోఫాకి ఆ చివరొకరు, ఈ చివరొకరు. ఇద్దరిదీ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

"అది టీవీ వెర్షన్ అమ్మా! పొడుగు చేస్తే యాక్యురేట్ కాదు, జడ్జెస్ పాయింట్స్ కట్ చేస్తారు."

"జడ్జీలకు బిడ్డలు లేరా? వాళ్ళను గిట్ల పంపుతరా?"

నేను వాళ్ళ మధ్య కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, లాప్‌టాప్‌లో బొమ్మలు తిప్పుతున్నాను. ఈ లాంతరు పిల్ల సంసారం చిన్నదేం కాదు. టీవీలో మొదలైందట. తర్వాత బొమ్మల పుస్తకం, పెద్ద సినిమా, వీడియో గేమ్, జపాన్‌లో నిజం మనుషులు పాడుతూ ఆడే నాటకం. అసలు కథలోంచి పిలకలు వేసిన వాటిని స్పిన్-ఆఫ్ అంటారు. దేంట్లో డ్రెస్సు దానిదే. ఒకచోట నా వేలు ఆగింది. అదే పిల్ల, అదే నారింజ గౌను. కానీ నడుము నుంచి పాదాల దాకా, కింద సగం పసుపు.

"ఇదేంటే? ఇక్కడ పొడుగుందిగా?"

"అది మ్యూజికల్, ఆంటీ. లాస్ట్ సీన్‌లో ఓన్లీ. ఫైనల్ పవర్ వచ్చాక. వాళ్ళు బ్యాక్‌స్టేజ్ వెళ్ళి చేంజ్ చేసుకుంటారు."

"స్టేజీ మీదే మారితే?"

సింధు నవ్వింది. "ఆంటీ, అది కార్టూన్‌లో కుదురుతుంది. రియల్ లైఫ్‌లో కుదరదు."

రియల్ లైఫ్ గురించి నాకు చెబుతోంది, పిల్లకాకి! లేచి అలమారు తెరిచి, మా అన్న మనవరాలికి కుట్టి పెట్టిన పట్టు లంగా తీసి చూపించాను. ఎదిగే పిల్లల లంగాకి టక్కులు వేస్తాం. పొడవు బట్టని అడ్డంగా లోపలికి మడిచి కుట్టేయడం. పిల్ల ఎదిగిన కొద్దీ ఒక్కొక్క టక్కూ విప్పుతాం, లంగా పొడుగవుతుంది. ఏళ్ళ తరబడి జరిగేదాన్ని రెండు క్షణాల్లో చెయ్యాలి, అంతే.

ఆ లంగా రమ చేతిలోకి తీసుకుని, టక్కు మీద వేలితో రాసింది. "నా ఓణీల ఫంక్షన్ దాక ఒక్కటే లంగ, అక్కా. మా అమ్మ ఏడాదికొకటి ఇప్పేది," అంది. సింధు మొదటిసారి వాళ్ళమ్మ వైపు తిరిగి కూర్చుంది.

బేరం కుదిరింది. మొదట మోకాలి పైకి రెండంగుళాలు, కాళ్ళకి దళసరి తెల్ల టైట్స్. చివర్లో పాదాల దాకా. రమ ఒక్క షరతు పెట్టింది. పోటీకి తనూ వస్తుంది.

"ఎవరి మామ్ రాదు అమ్మా!" అని సింధు మూలిగింది గానీ, ఒప్పుకోక చస్తుందా?

ఇక నా తంటా. ఒక్క లాగుకి ఊడే కుట్టు కావాలి, లాగే దాకా చచ్చినా ఊడకూడదు. మిషన్ కుట్టు పనికిరాదు. మగ్గం వర్క్ గుర్తొచ్చింది. కొక్కెం సూదితో గొలుసులా వేస్తాం, చైన్ స్టిచ్. అందులో చివరి ముడి మర్చిపోతే మా ప్రాణం మీదికొస్తుంది. దారం కొస ఎవరైనా లాగారంటే మొత్తం సర్రున వచ్చేస్తుంది. బియ్యం బస్తా మూతి కూడా ఈ జాతి కుట్టే. సరైన కొస దొరికితే ఒక్క లాగు. ఎన్ని బ్లౌజులకి ఏ తప్పు చెయ్యకూడదని ఒళ్ళు దగ్గర పెట్టుకున్నానో, ఈ గౌనుకి ఆ తప్పే కావాలని చేశాను. పసుపు బట్టంతా రెండు పెద్ద టక్కుల్లో లోపలికి మడిచి, చైన్ స్టిచ్ వేసి, రెండు దారాల కొసలూ కలిపి కుడివైపు బో కిందకి తెచ్చాను. ఎడమవైపు బో ఉత్త అలంకారం.

మొదటి ట్రయల్‌కి ఒక టక్కు దిగింది, రెండోది సగం ఊడి మొండికేసింది. సింధు ఒక పక్క మహారాణి, ఒక పక్క కోడిపిల్ల. నవ్వలేక చచ్చాం. గట్టిగా బిగించి కుట్టడం నా అలవాటు, అదే కొంప ముంచింది. వదులుగా వేశాక జలపాతంలా దిగింది. ఆ పిల్ల అరుపుకి పైన టీవీ చూస్తున్న మా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

ఒక చిక్కు మిగిలింది. విప్పిన ప్రతిసారీ మళ్ళీ కుట్టాలి. వాళ్ళ రిహార్సల్స్ రోజూ. నేను బ్లౌజులు మానుకుని రోజూ టక్కులు వెయ్యలేను కదా. "నాకు నేర్పు, నేనేస్త," అంది రమ. మూడు సాయంత్రాలు మా బేస్‌మెంటులో కూర్చుని, వేళ్ళకి పొడుచుకుని, సూదిని తిట్టుకుని నేర్చుకుంది. పని పట్టుబడ్డాక గౌను వాళ్ళింటికి తీసుకెళ్ళిపోయింది.

పోటీ శనివారం మధ్యాహ్నం. హోటలు నిండా రంగు విగ్గులు, కత్తులు, రెక్కలు. నేను చీరలో వెళ్ళాను. ఒకబ్బాయి వచ్చి నేను ఏ సిరీస్‌లో కారెక్టరని మర్యాదగా అడిగాడు. "బేస్‌మెంట్" అన్నాను. రమా నేనూ మూడో వరసలో కూర్చున్నాం. రమ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

కేలా నల్ల గౌనులో వచ్చి నవ్వుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. సింధు పోరాడింది, పడిపోయింది, లేచింది, లాంతరు ఎత్తింది. సంగీతం పైకి లేచింది. గిర్రున తిరిగి చెయ్యి నడుము మీద వేసి లాగింది. బో ఊడి చేతిలోకొచ్చింది. గౌను కదల్లేదు. లాగింది ఎడమ బో.

పిల్ల కొయ్యబారిపోయింది. కేలా నవ్వడం మర్చిపోయింది. సంగీతం దాని మానాన అది పోతోంది.

అప్పుడు నా పక్కనుంచి లేచింది ఒక కేక.

"అటు కాదే సింధూ! కుడి దిక్కు! కుడి దిక్కు గుంజు!"

హాలంతా వెనక్కి తిరిగింది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అర్థం కావలసిన పిల్లకి అయింది. కుడి చేత్తో గుంజింది. రెండు టక్కులూ ఒక్కసారే ఊడి, పసుపంతా పాదాల మీదకి దూకింది. ఆ హాలు అరిచిన అరుపు చెప్పలేను. నేనూ ఈల వేశాను. నాకు ఈల వచ్చని ఆ రోజు దాకా నాకే తెలీదు.

మొదటి బహుమతి రాలేదు. రెక్కలు కట్టుకొచ్చిన ఒక కుర్రాడికి పోయింది. పోతే పోనీ. బయట కారిడార్‌లో సింధు వచ్చి వాళ్ళమ్మ ముందు నిలబడింది. అయిపోయింది, అరిచినందుకు ఇప్పుడు రమని కడిగేస్తుందనుకున్నాను.

"అమ్మా, నువ్వు రిహార్సల్‌కి ఒక్కసారి కూడా రాలేదు. కుట్టేది నువ్వే గానీ, నేను రాంగ్ బో లాగానని అంత ఫాస్ట్‌గా ఎలా తెలిసింది?"

రమ నేల చూపులు చూసింది. "నువ్వు స్కూలుకు పోయినంక తొడుక్కొని సూసేదాన్ని. రోజు. నడుముకు పట్టలే, ఒక చేత్తో పట్టుకొని ఇంకో చేత్తో గుంజేదాన్ని. స్టేజి మీద దిగకుంటె నువ్వు ఏడుస్తవని భయమయ్యేది. మంచిగ దిగితె మల్ల కుట్టి పెట్టేదాన్ని."

ఖాళీ ఇంట్లో, నలభై దాటిన రమ, నారింజ గౌను ఒక చేత్తో పట్టుకుని అద్దం ముందు. సింధుకీ అదే కనబడి ఉంటుంది. ముందు ఫక్కున నవ్వింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయి వాళ్ళమ్మ మెడ పట్టుకుంది. కేలా కూడా వచ్చి ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది. నేను బో సరిచేస్తున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తర్వాత చాలా కాస్‌ప్లే డ్రెస్సులు కుట్టాను. రెక్కలూ కుట్టాను, తోకలూ కుట్టాను. ప్రతి డ్రెస్సు వెనకా వద్దనేవాళ్ళు ఒకరుంటారు, తల్లో తండ్రో నాయనమ్మో. ఇదివరకు వాళ్ళని ఎలా ఒప్పించాలా, ఎలా తప్పించుకోవాలా అని చూసేదాన్ని. ఇప్పుడు ఆ బాధ లేదు. ఎవరు గట్టిగా వద్దంటారో, ముందు వాళ్ళని పిలిచి సోఫాలో కూర్చోబెట్టి చేతికి సూది ఇస్తాను.