మా టౌనుకు సముద్రం ఏ వైపు?

కొత్తగా ఉద్యోగంలో చేరిన వయసులో ఎవరికైనా జీతం తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. ఆ రోజుల్లో నాకు వీటితోపాటు ఒక వంశం కూడా ఉండేది. మా ముత్తాతగారికి భూములుండేవి, తాతగారికి వ్యాజ్యాలుండేవి, నాన్నగారికి విశాఖపట్నంలో ఒక అద్దె వాటా ఉండేది, నాకు ఇంటిపేరు మిగిలింది. దాన్ని ఒలకకుండా మోస్తున్నట్టు వెన్ను నిటారుగా పెట్టుకుని తిరిగేవాణ్ణి. కలకత్తా న్యూ టౌన్‌కి అప్పటికింకా మెట్రో రాలేదు. ఫ్లాట్‌లో మేము నలుగురం. అంట్లు తోమే వంతు వచ్చినా నడుం వంచేవాణ్ణి కాదు. (సింకు మరీ కిందికి ఉండేది. అందువల్ల నీళ్ళన్నీ చొక్కా మీద పడేవి. గౌరవానికి ఆ మాత్రం తడి తప్పదు.)

అలాంటి నన్ను వెతుక్కుంటూ ఒక ఆదివారం రేవు పక్కనుండే వాట్‌గంజ్ నుంచి క్రేన్ మావయ్య వచ్చాడు. రేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, అక్కడి మన తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శి. వరసకు నాకేమీ కాడు, అందరికీ మావయ్యే. మా టౌను పేరు చెప్పి, "బావూ, మీదీ అదే అంట గదా. మాదీ అదే. ఈయేడు సంఘం పుస్తకంలో మనూరి గురించి ఒక్క పేజీ రాసిపెట్టాల. ఎక్కడుంది, ఎప్పటిది, ఎంత జనం. అంతే" అన్నాడు. ఎందుకని అడిగాను. "మా మనవరాల్ని బళ్ళో మద్రాసీ అంతన్నారు. అదొచ్చి, తాతా మనదేవూరు, ఎలగుంటాది అని అడుగుతాది. నాను సెప్తే నమ్మదు. అచ్చులో ఉంటే నమ్ముతాది. తెలుగు సదవలేదు గానీ, నాను సదివి వినిపిస్తాను. నువ్వు సదువుకున్నోడివి, షోనో, నా మాటిను, కాదనకు."

నేను కాదనే సమస్యే లేదు. మా తాతగారు బతికున్నన్నాళ్ళూ "మన టౌను, మనం కట్టించిన టౌను" అనేవారు. అక్కడ మాకు దివాణం ఉండేది. చిన్నప్పుడు రెండుసార్లు వెళ్ళాను కూడా. మేడ మీద నిలబడితే మొహానికి ఉప్పుగాలి కొట్టడం నాకింకా గుర్తు. ఊళ్ళో ఎవరూ గుర్తుపెట్టుకోని మా ముత్తాతగారి పేరు ఇన్నాళ్ళకు అచ్చులోకి ఎక్కబోతోంది. మావయ్య మెట్లు దిగకముందే మొదటి వాక్యం రాసేశాను: "ఈ పట్టణ నిర్మాత మా ముత్తాతగారు." తక్కిన పేజీ ఆ వాక్యానికి ఆసరాగా ఉంటే చాలు.

ఆసరా కోసం మరుసటి ఆదివారం రెండు బస్సులు మారి వాట్‌గంజ్ వెళ్ళాను. ముందు ఇడ్లీ అప్ప దగ్గరకు తీసుకెళ్ళాడు మావయ్య. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి రేవుకెళ్ళే సందులో ఇడ్లీలు అమ్ముతున్న ముసలామె. టౌనులో ఏరు ఏ వైపు పారుతుందని అడిగాను.

"ఏరేటి బావూ? సముద్రం. మా గుమ్మం ముందల్లా ఇసకే" అంది.

"ఏటప్పా, మతి పోయిందేటి? మా గోడ పక్కనే ఏరు. వరదొస్తే పొయ్యిల కప్పలు దూరీవి" అన్నాడు మావయ్య.

"నీ పొయ్యిల తిమింగలాలు దూరినా నాకేటి? మాది సముద్రమే."

నేను అప్ప పక్షం. ఉప్పుగాలికి నేనే సాక్షిని కదా. కాగితం మీద తూర్పున సముద్రం గీసి, మావయ్య బాధపడకుండా పడమట ఏరు కూడా గీశాను. అక్కడి నుంచి అప్పను కూడా వెంటబెట్టుకుని బడ్జ్ బడ్జ్ లోకల్ రైలెక్కి జనపనార మిల్లులో పనిచేసిన జూటు తాతను కలిశాం. ఆయన నా బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొండేదీ?" అన్నాడు. ఏ కొండ అన్నాను. "మనూరి కొండ. జీడితోటలుండీ కొండ. అది లేకండా ఏటి బొమ్మ గీసినావు దాదా?" అన్నాడు. కాగితం మీద కాస్త జాగా పడమటనే మిగిలింది. కొండను ఏటి మీద పెట్టాను. దాంతో మా టౌనులో ఏరు కొండెక్కి అవతలికి దిగడం మొదలుపెట్టింది.

జనాభా మరీ చిక్కు. ఎంతమంది ఉంటారని అడిగితే తాత, "అమ్మోరి సంబరం నాడు లెక్కెడతావా, ఉత్తప్పుడు లెక్కెడతావా?" అన్నాడు. తేడా ఏమిటన్నాను. "ఉత్తప్పుడు ముసిలోలు, మేకలు. సంబరానికైతే కలకత్తాల ఉన్నోలందరం ఎల్తాం గదా" అన్నాడు. "మరి ఇక్కడున్న మమ్మల్ని ఇక్కడ లెక్కెడతారా, అక్కడా?" అని మావయ్య బెంగపడ్డాడు. ఊరు ఎప్పటిదంటే రైలుతో పుట్టిందని మావయ్య, రైలు మొన్నటిది, కొండ కింద అమ్మవారు అంతకుముందే ఉందని తాత. ఇంతలో నేను దివాణం సంగతి ఎత్తాను. అప్ప ఆలోచించి, "టౌన్ల అలాటిది లేదు బావూ" అంది. తాతా ఎరగనన్నాడు. మావయ్య నా మొహం చూసి, ఉండే ఉంటాదిలే అని ఓదార్చాడు. ఉప్పు తిన్న జనం ఇంత తొందరగా మరిచిపోతారా అని బాధపడ్డాను. ఫ్లాట్‌కి వచ్చి ఫోనులో మ్యాపు తీస్తే టౌనులో ఒక స్టేషను, రైసుమిల్లు, బట్టల కొట్లు కనిపించాయి. సముద్రం, ఏరు, కొండ, దివాణం ఏదీ లేదు. నాకు మ్యాపు మీద జాలేసింది. ఇంకా పూర్తికాలేదేమో అనుకున్నాను.

అచ్చుకిచ్చే ముందు పేజీని సభ్యులందరికీ చదివి వినిపించడం ఆ సంఘం ఆనవాయితీ. గోడౌను పైనున్న సంఘం గది నిండింది. మావయ్య మనవరాలు ముందు వరసలో కూర్చుంది. నేను లేచి, గొంతు సవరించుకుని, మా ముత్తాతగారి వాక్యం చదివాను. ఎవరూ కదల్లేదు. దాన్ని గౌరవమనుకుని, "తూర్పున సముద్రం" దాకా వచ్చాను. అంతే, గది లేచింది. సముద్రమేటని కొందరు, కొండెక్కడిదని కొందరు, మా చెరకుతోటలు వదిలేశావేటని వెనక నుంచి ఇంకొకాయన. పిల్ల బెంగాలీలో ఏదో అడిగింది. "ఏటంటాదంటే, మనకి నిజంగా ఊరుందా అని అడుగుతంది" అన్నాడు మావయ్య. ఆ మాట ఆయన మెల్లగానే అన్నా గదంతా వినబడింది.

ఇడ్లీ అప్ప లేచింది. "ఉండండెహె. ఒక్కొక్కలే సెప్పండి. రైలు దిగి ఇంటికెలగెల్తారు?"

"గట్టెంట నడిసి, ఏటి దాకా" అన్నాడు మావయ్య. "బస్సెక్కి కొండ కిందకి" అన్నాడు తాత. "నాను ఆటోల ఇసక మీదకి" అంది అప్ప. అప్పటికి అందరికీ వెలిగింది. ఆ గదిలో టౌనువాళ్ళు ఒక్కరూ లేరు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు తరాలుగా ఆ స్టేషన్లోనే రైలెక్కి హౌరాలో దిగుతున్నారు, మీదేవూరని అడిగితే టికెట్టు మీది పేరే చెబుతున్నారు. "మా పల్లె పేరు సెప్తే ఇక్కడెవుడికి తెలుస్తాది? తెలిసిన పేరు సెప్పీసినాం. సెప్పగా సెప్పగా మాదే అయిపోనాది" అన్నాడు తాత.

ఈ అమాయకులను చూసి నాకు నవ్వొచ్చింది. అప్ప నా వైపు తిరిగింది. "మరి మీరెలగెల్లీవోరు బావూ?"

"జీపులో" అన్నాను.

"ఎంతసేపు?"

తాతగారి ఒళ్ళో రెండుసార్లూ నిద్రపోయాను. "చాలాసేపే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"జీపంటే, మేడేనా మీది? గుమ్మంల పెద్ద గేటు, దాని మీద రెండు సింహాలు, ఒకదానికి మూతి లేదు?"

ఆ మూతి మా చిన్నతాతగారి గాలిపటం గొడవలో పగిలిందని ఇంట్లో చెప్పేవారు. తల ఊపాను.

"ఓలమ్మ, గేటిల్లు. అది టౌనెక్కడ బావూ, మా పక్కూరు. దివాణమంటే నాకేటి తెలుస్తాది?"

కనీసం ఆ ఊరైనా దక్కుతుందేమోనని, "ఆ ఊరు కట్టించింది మా ముత్తాతగారే కదా" అన్నాను.

"ఊరు ఉప్పుమళ్ళల పనిసేసీవోలు కట్టుకున్నారు. మీవోలు తరవాతొచ్చి గేటెట్టినారు."

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కోపం తెచ్చుకుని బయటికి నడిచేవాణ్ణి, అదీ నిటారుగా. అందరూ మర్యాదగా నేల చూడటంతో దిక్కుతోచక నిలబడ్డాను. పిల్ల నా కాగితం వైపే చూస్తోంది. జేబులోంచి పెన్ను తీసి మొదటి వాక్యం కొట్టేశాను. ఒక గీత చాల్లేదు, మూడు గీశాను. తరవాత మావయ్య పక్కన కూర్చుని, ఒక్కొక్కరి పల్లె పేరు, అక్కడేముందో ఒక్కో వాక్యం రాసుకున్నాను. ఏరు కొండ దిగింది. సముద్రం దాని చోటికి అది వెళ్ళింది. మనవరాలు తన పల్లె పేరును బెంగాలీ అక్షరాల్లో అరచేతి మీద రాసుకుంది.

చివర్లో అప్ప నా దగ్గరకొచ్చి, "మీ ఇంటి ముచ్చటేటి రాసినావు?" అంది. ఏమీ లేదన్నాను. "అదేటి? ఉప్పు మూటలు మోసుకొచ్చి ఆ గేటు నీడన దించీవోలం. ఆ దారిల ఇంకెక్కడా నీడ లేదు. సల్లగుండీది. అది రాయి" అంది.

వంశాన్ని ఒక నీడకు కుదించారని వారం రోజులు అలిగాను. మావయ్య ఫోన్లు చేస్తే ఎత్తలేదు. అచ్చుకు గడువు ముగిసే రోజున మాత్రం ఆఫీసులో లంచ్ మానేసి వెళ్ళి ఆ వాక్యం రాసి ఇచ్చాను. రాసేటప్పుడు కూడా మొహం ముడుచుకునే ఉన్నానట, మావయ్య చెప్పాడు. ఇప్పుడు అప్పటి నేను, ఆ కుర్రాడు, కనిపిస్తే కూర్చోబెట్టి చెబుతాను: నాయనా, నీ పూర్వీకుల గురించి సాక్షి ఉన్న మంచి మాట అదొక్కటే, తీసుకో. వాడు వినడు. మెడ ఇంకాస్త నిక్కించి, గేటు ఎత్తెంతో కూడా రాయమంటాడు.