గోడ గొట్టాల్లో నాటిన తుంగ

ఫిలింనగర్ కొండవాలులో ఒక ఇంటి కింది వాటాలో నేను ఒక్కదాన్నే అద్దెకుంటున్నాను. సినిమాలకు డబ్బింగ్ చెబుతాను. పై వాటాలో ఇంటివాళ్ళు, పెద్దవయసు దంపతులు ఉంటారు. ఆయన ఒకప్పుడు సినిమా ల్యాబులో పనిచేశారు. నాకు వాళ్ళు బాబాయిగారు, పిన్నిగారు. ఇంటి వెనక ఆరడుగుల వెడల్పు నేల, దాని వెంబడి రెండు నిలువుల ఎత్తు రాతిగోడ ఉండేవి. గోడ పైన వేరేవాళ్ళ ఇల్లు. కొండను చెక్కి ఇళ్ళు కట్టిన చోట వీధివీధికీ ఇలాంటి గోడలుంటాయి. పై స్థలంలోని మట్టి కిందికి జారకుండా ఆపేవి అవే. ఆ సంగతి నేను ఎన్నడూ ఆలోచించలేదు. నాకది నీడనిచ్చే గోడ, అంతే.

కృష్ణానగర్‌లో ఒకే కిటికీ ఉన్న గదిలో పదకొండేళ్ళు ఉండి వచ్చినదాన్ని కాబట్టి ఆ కాస్త నేల చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ ఎండ పడని చోట ఏం బతుకుతుంది? మల్లె పోయింది, మందారం పోయింది. చివరికి నర్సరీ ఆయన ఒక కుండీ చేతిలో పెట్టి, "ఇది కేరెక్స్ అండీ. నీడలోనే పెంచాలి. మన్ను ఎప్పుడూ తడిగా ఉండాలి, కానీ నీళ్ళు నిలవకూడదు. ఎండాకాలం ఒక్కరోజు మరిచిపోయినా ఆకు కొసలు మాడిపోతాయి" అన్నాడు. సన్నటి పొడవాటి ఆకులు, అంచున లేత మీగడ రంగు చార. దువ్వి వదిలిన జుట్టులా నాలుగు వైపులా వాలి ఉంది. ఎర్రమట్టిలో ఆకులెరువు కలిపి నాటాను. బతికింది. మరుసటి ఏడు దుబ్బులు విడదీసి గోడ పొడవునా పెట్టాను.

వారానికి రెండు రోజులు తోటపనికి బోరబండ నుంచి ఒకామె వచ్చేది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. మొదటిసారి ఆ మొక్కను చూసినప్పుడు పూతకాడ తెంపి వేళ్ళ మధ్య నలిపి, "మూడు పలకలున్నది సూడు. గిది తుంగనే గదమ్మా. మా చేన్ల దీన్ని పీకి పీకి నా నడుము పడిపోయింది. నువ్వు కుండీల పెట్టి తెచ్చుకున్నవా" అని నవ్వింది. దాని చుట్టమే అక్కా, కానీ ఇది పాకదు అన్నాను. నమ్మలేదు. అయినా నాకంటే బాగా చూసుకునేది. ఎండిన ఆకులు కత్తిరించకుండా, వేళ్ళతో దువ్వి తీసేది.

ఆ గోడకి అక్కడక్కడా జానెడు వెడల్పు సిమెంటు గొట్టాలు ఉండేవి. వానాకాలం వాటిలోంచి బురదనీళ్ళు కారి గోడంతా చారలు పడేవి. ఎక్కడో గోడ కన్నాల్లో మొక్కలు వేలాడుతున్న ఫొటో చూసి నాకూ ముచ్చటేసింది. ఆమె రాని రోజున స్టూలు వేసుకుని, గొట్టాల్లో కొబ్బరిపీచు, మన్ను గట్టిగా కూరి, ఒక్కో దాంట్లో ఒక్కో పిలక నాటాను. తొమ్మిది గొట్టాలు. ఏడాది తిరిగేసరికి గోడ నిండా ఆకుపచ్చ జడలు వేలాడాయి. బాబాయిగారు కూడా దిగి వచ్చి చూసి, "బాగుందమ్మా" అన్నారు.

ఇదంతా జరిగిన మూడో వేసవిలో బంధువుల పెళ్ళికని పదిరోజులు ఊరికి వెళ్ళాను. తోటపని ఆమె కూడా ఆ పదిరోజులూ జ్వరంతో రాలేదని తిరిగి వచ్చాకే తెలిసింది. మొక్కలన్నీ మాడి ఉంటాయనుకుని వెనక తలుపు తీశాను. ఒక్క ఆకు వాడలేదు. మే నెలలో, నీళ్ళు లేకుండా, అంతకుముందెన్నడూ లేనంత ఏపుగా ఉన్నాయి. సంబరంగా ఫొటోలు తీసుకున్నాను.

మర్నాడు ఆమె వచ్చి గోడ మొదట్లో మన్నులో చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా దిగింది. చెయ్యి తీసి వాసన చూసింది.

"నీళ్ళెవరు పోసిండ్రు?"

"ఎవరూ పోయలేదక్కా."

"నల్లా నీళ్ళ వాసనొస్తున్నది. గోడ పైనోళ్ళ నీళ్ళ సంపు కారుతున్నట్టున్నది." తలెత్తి గొట్టాలకేసి చూసింది. "గవి లోపటి దాకా నువ్వే మూసినవా? మూతికాడనే పెట్టినవనుకున్న."

మూయలేదు, నాటాను అన్నాను. ఆమె నవ్వలేదు. ఈ కొండల మీద ఇలాంటి గోడలకు రాళ్ళు మోసిన మనిషి ఆమె. పెనిమిటి రాళ్ళు కొట్టేవాడు. "లోపలి నీళ్ళు గొట్టాలల్లకెళ్ళి పోవాలె. పోకుంటే గోడను తోస్తయి. గిటు రా, సూడు" అని నన్ను పక్కకి నిలబెట్టి చూపించింది. నిటారుగా ఉండాల్సిన గోడ నడుము దగ్గర ముందుకు ఉబ్బి ఉంది. మూడేళ్ళుగా రోజూ ఎదురుగా నిలబడి చూస్తూ నేను చూడనిది అదే.

కొడవలి కొసతో ఒక గొట్టంలో గెలికింది. వేళ్ళు లోపల చాపలా అల్లుకుపోయాయి, రాలేదు. "గడ్డపార కావాలె. మేస్త్రీని పిలిపియ్యాలె. ఇయ్యాలనే ఇంటాయనకు చెప్పు" అంది.

నేను చెప్పలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. చెబితే గొట్టాలు మూసింది నేనేనని చెప్పాలి. ఇల్లు ఖాళీ చేయమంటారని భయం. ఆ భయం ఒక వైపు, గోడ భయం ఒక వైపు. గోడలో ఒక పగులు పక్కన పెన్సిల్‌తో గీత గీసి, పొద్దునా సాయంత్రం వెళ్ళి చూసేదాన్ని. అంట్లు తోముతూ వంటింటి కిటికీలోంచి గోడనే చూసేదాన్ని. రెండిళ్ళ అవతల సెల్లారు కోసం యంత్రంతో బండ పగలగొడుతుంటే అరలో స్టీలు పళ్ళేలు గలగలమనేవి. చేతిలో ఉన్నది వదిలేసి ముందు వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. గోడ మీంచి ఒక చిన్న రాయి జారి ఆకుల్లో పడినా వెళ్ళి పెన్సిల్ గీత చూసి వచ్చేదాన్ని.

పిన్నిగారు రోజూ మధ్యాహ్నం వెనక తీగ మీద బట్టలు ఆరేయడానికి వచ్చేవారు. "పిన్నిగారూ, ఇటు రాకండి, తేలు కనిపించింది" అని అబద్ధం చెప్పాను.

"తేళ్ళు కొత్తా ఏమిటమ్మా, చెప్పులు వేసుకుంటాలే" అని ఆవిడ గోడకి వీపు పెట్టి నిలబడి, ఒక్కో చీరా దులిపి ఆరేశారు. అంతసేపూ నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

మంగళవారం తోటపని ఆమె వచ్చి, "చెప్పినవా?" అంది. చెప్పాను అన్నాను. ఆమె తీగ మీది బట్టలకేసి చూసి, నాకేసి చూసి, ఇంకేమీ అడగకుండా ముందు వైపు పనికి వెళ్ళిపోయింది.

గురువారం సాయంత్రం పెన్సిల్ గీతని పగులు దాటిపోయింది. అప్పుడు మెట్లెక్కాను.  బాబాయిగారు పేపరు పక్కన పెట్టి మొత్తం విన్నారు. గొట్టాల సంగతి కూడా చెప్పేశాను. ఆయన లేచి ముందు పిన్నిగారిని పిలిచి, "వెనక్కి వెళ్ళకు" అన్నారు. తరువాత కిందికి దిగి నా వెనక తలుపుకి తాళం వేయించారు. గోడ పైఇంటివాళ్ళకి ఫోను చేసి సంపు ఖాళీ చేయమన్నారు, మర్నాడు మేస్త్రీని రమ్మన్నారు.  

మర్నాడు మేస్త్రీ రాకముందే వాన వచ్చింది. ఆ ఏటి తొలివాన, మధ్యాహ్నం మూడింటికి. నేను ముందు గదిలో కూర్చున్నాను. వాన చప్పుడులో వెనక నుంచి ఠంగు ఠంగుమని ఇనుము రాయికి తగిలిన శబ్దం వినిపించింది. అది శుక్రవారమని, తోటపని ఆమె వచ్చే రోజని అప్పుడు తట్టింది. తలుపుకి తాళం వేశాం కానీ ఇంటి పక్కనుంచి వెనక్కి సందు ఉంది. ఆమె ఎప్పుడూ ఆ సందులోంచే వస్తుంది.

పరిగెత్తాను. సందు చివర నుంచి చూస్తే, ఆమె నెత్తిన ప్లాస్టిక్ కవరు కప్పుకుని స్టూలెక్కి గడ్డపారతో గొట్టం పొడుస్తోంది. కేకలు పెట్టడం నా వృత్తిలో సగం. ఆ క్షణాన నోరు తెరిచాను, గాలి మాత్రమే వచ్చింది. అప్పుడే ఒక దుబ్బు వేళ్ళతో సహా ఊడి పడింది. దాని వెనకే నీళ్ళు ఆమె భుజం మీదుగా ఎగజిమ్మాయి, ఎర్రగా. ఆ రంగు చూడగానే ఆమె గడ్డపార వదిలేసి దూకింది. నా రెక్క పట్టుకుని, "నడువు, నడువు, మన్ను కదిలింది" అంటూ సందులోకి లాగింది.

సందు సగం దాటామో లేదో, వెనక లారీలోంచి కంకర దించినట్టు శబ్దం. కాళ్ళ కింద నేల అదిరింది. ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి ఆమె మడమకి తగిలి ఆగింది. ముందు వాకిట్లో పడ్డాక వెనక్కి తిరిగి చూశాను. సందు చివర వెలుతురు లేదు, మట్టి ఉంది.

బాబాయిగారు, పిన్నిగారు మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఆయన పెదవులు కదుపుతూ మనుషుల్ని లెక్కపెట్టుకుంటున్నారు. నాలుగు అయ్యాక మెట్టు మీద కూర్చుండిపోయారు. నా వంటింటి కిటికీ దాకా రాళ్ళు వచ్చి పడ్డాయి. బట్టల తీగ జాడ లేదు. గోడ మధ్య భాగం పూర్తిగా పోయి, పైఇంటి మట్టి, అందులో పగిలిన పైపు కనిపిస్తున్నాయి. తరువాత పైఇంటివాళ్ళు, బాబాయిగారు కలిసి కొత్త గోడ కట్టించారు, కాంక్రీటుతో, వరుసగా గొట్టాలు పెట్టించి.

ఇల్లు ఖాళీ చేస్తానని నేనే అన్నాను. బాబాయిగారు, "నేనూ చూశాను కదమ్మా. బాగుందన్నాను కూడా. ఇల్లు కట్టించిన మనిషిని, నాకే తట్టలేదు. కానీ ఆ వారం రోజులు నువ్వు చెప్పకుండా ఉన్నావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు" అన్నారు. ఉండిపోయాను. కేరెక్స్ ఇప్పుడు ముందు వరండాలో కుండీల్లో ఉంది.

తోటపని ఆమె మడమ వాపు తగ్గడానికి మూడు వారాలు పట్టింది. ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు ఆటోలో, గోడ సంగతి తెలిసీ వానలో వెనక్కి ఎందుకు వెళ్ళావు అక్కా అని అడిగాను.

"నువ్వు ఇంటాయనకు చెప్పినవో లేదో నాకేం ఎరుక? మంగళారం చెప్పిన్నంటివి, చెప్పలే" అంది. కోపంగా కాదు, మామూలుగానే. "ఆ పెద్దమ్మ గాడనే బట్టలారేస్తది. ఎవరో ఒకరు తియ్యాలె గద."

ఆటో యూసుఫ్‌గూడ దాటేదాకా నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.