నట్టు మీద పసుపు గీత

కొన్నేళ్లుగా నా లోపల ఒక బరువుంది. నా వల్ల ఒక మనిషి తనను తాను నమ్మడం మానేశాడు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మెకానికల్ డిప్లొమా అయ్యాక మణుగూరులో బొగ్గు లారీల షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను. సమ్మయ్య మామ అక్కడ డ్రైవరు. చుట్టం కాడు, మా కాలనీ మనిషి. చిన్నప్పటి నుంచి నన్ను అల్లుడా అనే పిలుస్తాడు. ఒకరోజు ఆయన లారీ షెడ్డుకొచ్చింది. వెనక చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలను, అంటే కమాన్ కట్టను, ఛాసిస్‌కు పట్టి ఉంచే బ్రాకెట్ కదులుతోంది. కంపెనీ వేసిన రివెట్లు వదులైపోయాయి. కొత్త రివెట్లు వేసే ప్రెస్సు మా దగ్గర లేదు. ఖమ్మం పంపితే బండి రెండు రోజులు ఆగుతుంది. ఓనరు మొహం చిట్లించాడు. బోల్టులు వేద్దాం, రివెట్లకు ఏమీ తీసిపోవు అన్నాను.

అది అబద్ధం కాదు. ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే రివెట్ నొక్కినప్పుడు ఉబ్బి రంధ్రాన్ని తానే నింపుకుంటుంది, బోల్టు నింపుకోదు. అందుకని చేయాల్సినవి మూడున్నాయి. అరిగి కోలగా మారిన రంధ్రాన్ని మళ్లీ గుండ్రంగా తొలవాలి. అందులో బిగుతుగా పట్టే గట్టి బోల్టు వేయాలి. మొదటి లోడు దించి రాగానే మళ్లీ బిగించాలి. మొదటిది చేయలేదు. రెండోది పెట్టెలో ఉన్న బోల్టులతో కానిచ్చాను. మూడోది? సాయంత్రం లారీ తిరిగొచ్చింది, నేను చాయ్ తాగుతున్నాను, రేపు చూద్దాంలే అనుకున్నాను. ప్రతి నట్టు మీది నుంచి ఛాసిస్ మీదికి పసుపు పెయింటుతో గీత మాత్రం చక్కగా గీసి ఉంచాను. నట్టు తిరిగితే గీత విరుగుతుంది, చూడగానే తెలుస్తుంది. పని పద్ధతిగా కనిపించడం నాకు ఇష్టం. పద్ధతిగా చేయడమూ అదీ ఒకటేనని అనుకునేవాణ్ణా?

మర్నాడు మధ్యాహ్నం పాల్వంచ దారిలో, అడవి మలుపు దగ్గర, లోడు లారీ పక్కకు లాగేసి చెట్టుకు కొట్టుకుంది. మామకు భుజం విరిగింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. అన్నం తిని బయల్దేరాడు కదా, నిద్రపోయి ఉంటాడని అందరూ అక్కడికక్కడే తేల్చేశారు.

లారీని షెడ్డుకు లాక్కొచ్చాక కిందికి దూరి చూశాను. బ్రాకెట్ జరిగి ఉంది. అది జరిగితే వెనక ఇరుసు వంకరై బండి పక్కకు లాగుతుంది. గీతలన్నీ విరిగి ఉన్నాయి. నట్ల చుట్టూ ఇనుము రాపిడికి మెరుస్తోంది. చెట్టుకు తగిలిన ఒక్క దెబ్బకు అంత మెరుపు రాదు. చాలా దూరం ఆడితేనే వస్తుంది. థిన్నర్‌లో గుడ్డ ముంచి గీతలు తుడిచేశాను. నట్లు బిగించాను.

పళ్లు తీసుకుని దవాఖానాకు వెళ్లాను.

"బండి గుంజినట్టే అనిపించింది అల్లుడా. నీ పనిల ఏమన్న తేడా ఉన్నదా?"

"లేదు మామా. అన్నీ గట్టిగనే ఉన్నయ్."

ఆయన బాగున్న చేత్తో పళ్ల సంచీ పక్కకు జరిపాడు.

"అయితే నేనే కునుకు తీసిన్నేమో, నాకు ఎరుక లేకుంటనే." తర్వాత నవ్వాడు. "నిలవడి గూడ నిద్రపోతవ్ అంటది మీ అత్త. ఇగ దానికి జెప్పకు, జన్మంత సాధిస్తది."

నన్ను అడిగింది ఆయన ఒక్కడే. ఆయనకే అబద్ధం చెప్పాను. తన చేతులకు తెలిసినదాన్ని వదిలేసి నా మాట నమ్మాడు. చదువుకున్నవాణ్ణనా? అల్లుణ్ణనా?

తర్వాత ఆయనకు ఎవరూ లారీ ఇవ్వలేదు. కొన్నాళ్లకు అడగడమూ మానేశాడు. ఇప్పుడు బొగ్గు లారీలను తూచే కాంటా దగ్గర గేటు తీస్తాడు. కుర్ర డ్రైవర్లు నిద్ర మామా అని పిలుస్తారు, ఆయనా నవ్వుతాడు. మనవరాలిని బడికి నడిపించుకుంటూ తీసుకెళ్తాడు. ఇంట్లో స్కూటీ ఉంది. కునుకు పడితే వెనక కూర్చున్న పిల్ల ఏమైపోతుందని దాన్ని ముట్టడు.

నేను వేరే షెడ్డుకు మారాను. మొదటి లోడు దించి రాగానే ప్రతి బోల్టూ నా చేత్తో మళ్లీ బిగిస్తాను. దానివల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదని తెలుసు. రోజూ ఆ గేటు ముందు నుంచే వెళ్తాను. ఆయన చెయ్యి ఊపుతాడు. నేనూ ఊపుతాను. బండి ఆపి చెబుతానా? తెలియదు.

ఆయనకు చెప్పాల్సిన మాట చిన్నదే. మొదటిసారి రాస్తుంటే ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది.

ఆ మధ్యాహ్నం సమ్మయ్య మామ నిద్రపోలేదు. కళ్లు తెరిచే ఉన్నాడు.