అక్కకొచ్చిన మొటిమలు

మొన్న అద్దంలో చూసుకుంటే గడ్డం మీద ఎర్రగా మొటిమ. యాభై దాటాక నాకు మొటిమ! మా అమ్మాయి దగ్గరకొచ్చి చూసి, "హార్మోన్స్, మమ్మీ. టెన్షన్ మత్ లో," అని తన క్రీము ట్యూబు నా చేతిలో పెట్టి ఆఫీసుకు వెళ్లిపోయింది. టెన్షనా? నాకు నవ్వొచ్చింది. ఇలాంటి మొటిమ ఒక్కటి ఇమ్మని ఎనభైల్లో, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో, నేను మొక్కని దేవుడు లేడు.

మొటిమలు అప్పట్లో మా అక్క సొత్తు. పదిహేనో ఏడు వచ్చేసరికి బుగ్గలూ నుదురూ నిండిపోయాయి. ఇక ఇల్లంతా దాని ముఖం చుట్టూనే తిరిగేది. అమ్మ పొద్దున్నే వేపాకు నూరేది, సాయంత్రం సాన మీద గంధం తీసేది. పక్క క్వార్టర్ పంజాబీ ఆంటీ ముల్తానీ మట్టి పట్టుకొచ్చి, రోజ్ వాటర్‌తో కలిపి తనే పూసి, ఆరేదాకా నవ్వకూడదని ఆర్డరేసి పక్కనే కూర్చునేది. అక్క కంటే రెండేళ్లు చిన్నదాన్ని నేను. నా ముఖం పళ్లెంలా నున్నగా ఉండేది కనుక దానివైపు ఎవరూ చూసేవారు కాదు. బాగున్నదాన్ని చూడ్డానికి ఏముంటుంది?

అదంతా ఎలాగో ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఆస్పత్రి ప్రయాణం. నాన్న గూడ్స్ గార్డు. లైను మీదకు వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. వచ్చాక నిద్ర, నిద్ర లేచేసరికి మళ్లీ డ్యూటీకి పిలుపు. మధ్యలో మాకు దక్కే నాన్న చిన్న ముక్క. ఆ ముక్కను కాస్తా అక్క మొటిమలు తినేశాయి. రెస్టు దొరికిందంటే నాన్న సైకిలు తుడిచేవాడు, అక్క కడిగిన సీసా పట్టుకుని వెనక ఎక్కేది. రైల్వే ఆస్పత్రిలో మందు వాళ్లదే, సీసా మాత్రం మనది. అందులో గులాబీరంగు లోషన్ పోయించుకుని, దారి కాకపోయినా తెలిపారా బజారు చుట్టి వచ్చేవాళ్లు. నూనె వస్తువులు మానాలని డాక్టరు చెప్పారట, అందుకని అక్కడ అక్కకు మోసంబీ రసం! గుమ్మంలోనే దాని నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేదాన్ని. మోసంబీయే. ఒళ్లు మండిపోయేది.

నాకూ మొటిమలు రావాలి, అంతే. వేరుశనగలు తింటే వస్తాయని అమ్మ అక్కకు కట్టడి చేసింది కదా, అక్క వాటా కూడా నేనే తిన్నాను. వాటి మీద మామిడిపళ్లు, పకోడీలు. మొటిమ రాలేదు గానీ విరేచనాలు పట్టుకున్నాయి. దీనికి ఆస్పత్రి కూడానా అని అమ్మ వాము నీళ్లు తాగించి పడుకోబెట్టింది.

చివరికి ఓ రోజు బుగ్గ మీద ఎర్రగా పొంగింది. నాకు పండగే. నాన్న లైను నుంచి వచ్చి పెట్టె దించీ దించకముందే ఎదురెళ్లి నిలబడ్డాను. నా ముఖం వెలుతురువైపు తిప్పి పరీక్షగా చూశాడు.

"దోమ కుట్టింది, తల్లీ. గోక్కోకు."

"కాదు నాన్నా, మొటిమే!"

"నిక్షేపంలా ఉంది నీ మొకం. నీకు మందేటే?"

మర్నాడు మామూలే. సైకిలు, సీసా, వెనక అక్క. ఆ పొగడ్త కంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేదనిపించింది.

అక్క మొటిమలు కొన్నేళ్లకు తగ్గి బుగ్గల మీద గుంటలు మిగిలాయి. నాన్న రిటైరయ్యాడు, ఆ తర్వాత పోయాడు. అక్కాచెల్లెళ్లం ఇద్దరం ఈ బిలాస్‌పూర్‌లోనే ఉండిపోయాం. క్రీము ట్యూబు పక్కన పడేసి అక్కకు ఫోన్ చేస్తే, పది నిమిషాల్లో స్కూటీ మీద వచ్చేసింది. నా మొటిమ చూసి పకపకా నవ్వింది. ఆ మాటా ఈ మాటా వచ్చి, మోసంబీ రసం కోసం నేను ఎంత ఏడ్చానో చెప్పాను.

దాని నవ్వు ఆగిపోయింది. "రసమా? నాకది గొంతు దిగీదే కాదే. దారంతా అందరూ నా మొకమే చూసీవోరు. నాన్న ఈపుకి మొకం ఆనించీసి దాచీసుకునీదాన్ని. చెల్లి మొకం నాకుంటే బాగున్ను అని ఏడిసీదాన్ని."

జాలిపడాల్సిన చోటే అది. పడ్డాను కూడా. కానీ నా చెవిలో నిలిచింది ఒక్క మాటే: నాన్న వీపుకు ముఖం ఆనించింది. రోజూ కాదు గానీ, వెళ్లినప్పుడల్లా. చచ్చిందనుకున్న కుళ్లు మళ్లీ లేచి కూర్చుంది.

"అచ్ఛా, చలో. డాక్టరుకి చూపిద్దాం, ఎనక కూకో," అంది అక్క.

ఈ వయసులో ఒక్క మొటిమకు డాక్టరేమిటని అడగలేదు. ఎక్కి కూర్చుని దాని వీపుకు ముఖం ఆనించాను. వెనక చోటు చివరికి నాకూ దొరికింది. ముందు కూర్చునే మనిషినే కాలం మార్చేసింది.